జెలటిన్: కోషర్ ముద్రకూ పచ్చచుక్కకూ పొంతన లేదు

సభకు నమస్కారం.

అమెరికా నుంచి వచ్చే పిల్లలు తెచ్చిన గమ్మీలు, మార్ష్‌మెల్లోలు అనే సాగే మిఠాయిలు చెన్నైలో చాలా తెలుగు ఇళ్లలో కనబడుతున్నాయి. బర్మా బజారులోనూ దొరుకుతున్నాయి. వీటిలో చాలావాటిని జెలటిన్‌తోనే చేస్తారు. "కోషర్ అని ఉంది కదా, ఫరవాలేదు" అంటూ శాకాహారులైన పెద్దవాళ్లకు కూడా పెడుతున్నారు. కోషర్ అంటే యూదుల మత నియమాల ప్రకారం తినదగినదని మాత్రమే అర్థం. దయచేసి అలా పెట్టకండి.

జెలటిన్ ఏ మొక్క నుంచీ రాదు. పంది చర్మం, పశువుల తోళ్లు, ఎముకలు, చేప చర్మం దానికి ముడిసరుకు. పంది చర్మాన్ని ఆమ్లంలో నానబెడతారు. ఎముకలైతే పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఖనిజాలు తీసేసి, మిగిలిన మెత్తటి భాగాన్ని వారాల తరబడి సున్నపు నీటిలో ఉంచుతారు. ఆపైన వేడినీళ్లలోకి దిగిన సారాన్ని వడగట్టి ఆరబెడతారు.

ఇంతగా మారిపోయాక అది ఇంకా మాంసమేనా? యూదు మతగురువుల్లోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. మారిపోయింది కనుక తినవచ్చని కొందరు అనుమతించారు. ఇజ్రాయెల్‌లో కొన్ని పొట్లాల మీద "జెలటిన్ తినేవారికి కోషర్" అని ప్రత్యేకంగా రాసేది అందుకే. అమెరికాలో కోషర్ ముద్ర ఇచ్చే ఆర్థడాక్స్ యూనియన్ అనే సంస్థ ఈ సడలింపును ఒప్పుకోదు. వృత్తంలో ‘యు’ అనే తన ముద్ర పడాలంటే, జెలటిన్ కోషర్ పద్ధతిలో కోసిన పశువుదై ఉండాలి, లేదా పొలుసులూ రెక్కలూ ఉన్న చేపదై ఉండాలి. ఉత్త ‘కె’ అక్షరం ఏ ఒక్క సంస్థకూ చెందదు. దాని వెనుక ఎవరున్నారో తయారీదారుని అడిగి తెలుసుకోవాల్సిందే.

మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది ‘పరేవ్’ అనే మాట దగ్గర. పాలు లేవు, మాంసం లేదు అని దాని అర్థం. కానీ గుడ్డు, చేప పరేవ్‌లోకే వస్తాయి. కోషర్ పశువు తోలు నుంచి తీసిన జెలటిన్‌ను కూడా ఆ యూనియన్ పరేవ్‌గానే లెక్కిస్తుంది. కాబట్టి పరేవ్ అని రాసి ఉన్న మార్ష్‌మెల్లోలో చేప జెలటిన్ ఉండవచ్చు, పశువు జెలటిన్ కూడా ఉండవచ్చు. ముద్ర పక్కన ‘పి’ ఉంటే అది పరేవ్ కాదు, యూదుల పాస్‌ఓవర్ పండుగకు పనికొస్తుందని సూచన. హలాల్ ముద్ర కూడా శాకాహారానికి హామీ కాదు.

మన చట్టంలో ఈ చర్చే లేదు. పాలూ పాల ఉత్పత్తుల వంటి కొద్ది మినహాయింపులు తప్ప, జంతువు నుంచి వచ్చింది ఏది కలిసినా మాంసాహారమే. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం శాకాహారానికి చదరంలో పచ్చచుక్క, మాంసాహారానికి గోధుమరంగు త్రిభుజం. సూట్‌కేసులో వచ్చిన పొట్లానికి ఈ గుర్తు ఉండదు కనుక పదార్థాల జాబితా చదవక తప్పదు. ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన సంకేత అంకెలు వెతికితే సరిపోదు. 440 పెక్టిన్, అంటే పండ్ల నుంచి తీసేది. కొన్ని జాబితాలు 441ని జెలటిన్‌గా చూపుతాయి. కానీ యూరప్‌లో జెలటిన్‌ను ఆహారంగానే చూస్తారు, అందువల్ల అక్కడ ఇలాంటి అంకె, అంటే ‘ఇ’ నంబరు, దానికి లేదు. జెలటిన్ అనే పేరు కోసమే చూడండి. పంచదార పూత పూసిన సీరియల్స్, కొన్ని పెరుగు డబ్బాలు, విటమిన్ గమ్మీలు తప్పకుండా చూడాల్సినవి.

మందులకు ఈ పచ్చచుక్క నియమం లేదు. క్యాప్సూల్ తొడుగు సాధారణంగా జెలటినే. హెచ్‌పీఎంసీ అని ఉంటే మొక్కల నారతో చేసినది. శాకాహారం కోసం క్యాప్సూల్ విప్పి పొడి మింగకండి. కొన్ని మందులు నెమ్మదిగా కరగాలని అలా తయారుచేస్తారు. మాత్రగానో సిరప్‌గానో దొరుకుతుందేమో డాక్టరును అడగండి.

జెలటిన్ లేకుండా ఇంట్లో జెల్లీ లాంటివి చేసుకోవడానికి చైనా గ్రాస్, అంటే అగర్, ఉంది. మన్నార్ సింధుశాఖ తీరంలో దొరికే సముద్రపు నాచు నుంచి కూడా దాన్ని తీస్తారు. లీటరు పాలకు 10 గ్రాముల తీగలు చాలు. కప్పు నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, తీగ కనబడకుండా పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. సగం కరిగితే ముద్దలు తేలతాయి. వేడి పాలల్లోనే కలపండి, చల్లటి పాలు పోస్తే అక్కడికక్కడే గడ్డకడుతుంది. నిమ్మరసం పొయ్యి దించాక వేయాలి, పులుపుతో మరిగిస్తే పట్టు పోతుంది. పచ్చి అనాసలోని ఎంజైము జెలటిన్‌ను గట్టిపడనివ్వదు, అగర్‌ను ఏమీ చేయదు. జెలటిన్ సుమారు 35 డిగ్రీలకే కరిగిపోతుంది. అగర్ కరగాలంటే 85 దాకా కావాలి, కాబట్టి మే నెల చెన్నై ఎండలోనూ ఆకారం నిలుస్తుంది. కానీ మార్ష్‌మెల్లో సాగుడు మాత్రం దీనితో రాదు, పుటుక్కున తెగుతుంది.