ఎస్ పక్కన ఆ చిన్న గుర్తు

అందరికీ నమస్కారం. ఈ సభలో ఇంగ్లీషు చెప్పే టీచర్లే ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. అపాస్ట్రఫీ, అంటే ఇంగ్లీషు మాటల్లో అక్షరాల పైన కామాలా పెట్టే ఆ చిన్న గుర్తు (’), తప్పు రాసినవాళ్లని చూసి నవ్వడం నాకు నచ్చదు. ఆ తప్పు ఎందుకు వస్తుందో చెప్పకుండా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి వదిలేయడం అసలు నచ్చదు.

బ్రిటన్‌లో కూరగాయల కొట్ల ముందు పలకల మీద ‘టొమాటో’స్’, ‘బనానా’స్’ అని రాసి ఉంటుంది. బహువచనానికి ఆ గుర్తు అక్కర్లేదు. ఈ పొరపాటు అక్కడ ఎంత మామూలంటే, దానికి ‘కూరగాయల కొట్టు అపాస్ట్రఫీ’ అనే పేరే స్థిరపడిపోయింది. కానీ 17, 18 శతాబ్దాల్లో అచ్చుతో ముగిసే అరువు మాటలకు బహువచనంలో అపాస్ట్రఫీ పెట్టడం అచ్చు పుస్తకాల్లోనే ఉండేది. ఇవాళ కొట్టువాడు చేస్తే తప్పయింది, అప్పట్లో చదువుకున్నవాళ్లు చేసిందీ అదే.

ఈ గుర్తు 16వ శతాబ్దంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. ఇక్కడ ఒక అక్షరం పడిపోయింది అని చెప్పడమే మొదట్లో దాని పని. ‘డు నాట్’ కాస్తా ‘డోంట్’ అయినప్పుడు పోయిన ‘ఓ’ చోటులో అది కూర్చుంటుంది. పాత ఇంగ్లీషులో చాలా మాటలకు షష్ఠీ విభక్తిలో చివర ‘ఈ, ఎస్’ వచ్చేవి. రానురాను ఆ ‘ఈ’ పోయింది, దాని చోట గుర్తు మిగిలింది. బహువచనమైతే ఎస్ తర్వాత పెట్టాలన్న నియమం చాలా ఆలస్యంగా కుదురుకుంది.

మన పిల్లలకు అసలు చిక్కు ఇక్కడే. తెలుగులో ‘పిల్లలు’, ‘పిల్లవాడి’, ‘పిల్లల’ అన్న మూడూ చెవికే వేరువేరుగా వినిపిస్తాయి. ఇంగ్లీషులో ‘బాయ్స్’ అంటే ఆ మూడూ ఒకటే మోత. తేడా కంటికి తప్ప చెవికి తెలియదు. ‘మై సిస్టర్స్ ఫ్రెండ్స్ బుక్స్’ అన్న మాటే తీసుకోండి. అక్క ఒకరా, ఇద్దరా? స్నేహితురాలు ఒకరా, పదిమందా? గుర్తులు మార్చి పెడుతూ పోతే నాలుగు అర్థాలు వస్తాయి. అందుకే ఈ గుర్తు ఉండాలంటాను.

‘ఇట్స్’ దగ్గర పిల్లలు తికమకపడితే వాళ్లననడానికి లేదు. ‘క్యాట్’స్ టెయిల్’లో గుర్తు పెట్టమంటాం, ‘ఇట్స్ టెయిల్’లో వద్దంటాం. 18వ శతాబ్దంలో అక్కడా పెట్టేవాళ్లు. 1787లో రాసిన అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం పదో సెక్షన్‌లో, తనిఖీ చట్టాల ప్రస్తావన దగ్గర, ‘దాని’ అనే అర్థంలోనే ‘ఇట్’స్’ అని అపాస్ట్రఫీతో ఉంది. ఇప్పటి పద్ధతికి ఒక్క పరీక్ష చాలు. ‘ఇట్ ఈజ్’ అనో ‘ఇట్ హ్యాజ్’ అనో విడదీసి చదవండి. వాక్యం కుదిరితే గుర్తు పెట్టండి, కుదరకపోతే తీసేయండి. ‘హిజ్’కి లేదు, ‘హర్స్’కి లేదు, దీనికీ లేదు.

జాన్ రిచర్డ్స్ అని ఒక రిటైరైన పాత్రికేయుడు 2001లో ఇంగ్లండ్‌లోని బోస్టన్ పట్టణంలో అపాస్ట్రఫీ పరిరక్షణ సంఘం పెట్టారు. తప్పు బోర్డులున్న కొట్లకు మర్యాదగా ఉత్తరాలు రాసేవారు. 2019లో, 96 ఏళ్ల వయసులో, అజ్ఞానం, బద్ధకమే గెలిచాయంటూ సంఘాన్ని మూసేశారు. తర్వాత వేరేవాళ్లు దాన్ని మళ్లీ నడుపుతున్నారు. ఆయన మర్యాదకు దణ్ణం పెడతాను, బద్ధకం అన్న మాట మాత్రం ఒప్పుకోను. 2024లో నార్త్ యార్క్‌షైర్ కౌన్సిల్, కంప్యూటర్ డేటాబేసుల్లో ఇబ్బందని, కొత్త వీధి బోర్డుల్లో అపాస్ట్రఫీ తీసేయబోయింది. హారోగేట్‌లో ‘సెయింట్ మేరీస్ వాక్’ బోర్డు మీద ఎవరో పెన్నుతో ఆ గుర్తు మళ్లీ గీశారు. జనం గట్టిగా అభ్యంతరం చెప్పడంతో కౌన్సిల్ వెనక్కి తగ్గింది. బద్ధకస్తులు వీధి బోర్డు కోసం అంత పట్టుబట్టరు కదా!

మీ క్లాసులో ఒకటి చేసి చూడండి. ‘ద బాయ్స్ బుక్స్’ అని గుర్తు లేకుండా బోర్డు మీద రాయండి. ఎస్‌కి ముందు గుర్తు పెట్టి, అబ్బాయిలు ఎంతమందని అడగండి. దాన్ని చెరిపి ఎస్ తర్వాత పెట్టి మళ్లీ అడగండి. జవాబు పిల్లల్నే చెప్పనివ్వండి, రూలు పేరు ఆ తర్వాత చెప్పొచ్చు.