స్లీపింగ్ బ్యాగ్‌కి సరైన కంప్రెషన్ సాక్ ఎలా ఎంచుకున్నాం | సియాటిల్ తెలుగు వ్లాగ్

హాయ్ అండి, అందరూ బాగున్నారా? పోయిన క్యాంపింగ్ వీడియో చూసి ప్రత్తిపాడు నుంచి మా పిన్ని ఒకటే ఫోన్లు. "పక్క టెంటు వాళ్ల బొంత అంత చిన్న సంచిలో ఎలా పట్టిందే? మీవేమో కారు నిండా ఉన్నాయి. అలాంటి సంచి తమ్ముడికీ పంపిస్తే అమెరికా వచ్చేటప్పుడు సామాను తగ్గుతుంది కదా!" అని. పిన్నీ, ఈ వీడియో నీ కోసమే.

దాన్ని ఇక్కడ కంప్రెషన్ సాక్ అంటారు. నైలాన్ సంచి, పైన ఒక మూత, చుట్టూ నాలుగు పట్టీలు. స్లీపింగ్ బ్యాగ్ అంటే లోపల దూరి పడుకునే బొంత, దాన్ని ఈ సంచిలో కూరి పట్టీలు లాగితే గాలంతా పోయి సగానికి సగం చిన్నదైపోతుంది.

ఈసారి మేం వెళ్తున్నది మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే ఉన్న ఒలింపిక్ నేషనల్ పార్క్‌లోని హో రెయిన్ ఫారెస్ట్ అనే వానల అడవికి. అక్కడ ఏడాదికి సుమారు 140 అంగుళాల వాన పడుతుంది. హైదరాబాద్ వానకి సుమారు నాలుగు రెట్లు. నా స్లీపింగ్ బ్యాగ్‌లో ఉన్నది బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగు, డౌన్ అంటారు. అది తడిస్తే ముద్దైపోయి వెచ్చదనం పోతుంది. అందుకని నీళ్లు లోపలికి రాని సంచే కావాలి. కానీ నీళ్లు రాని బట్ట గాలినీ బయటికి పోనివ్వదు కదా, మరి నొక్కేదెలా? అందుకే కొన్నిటికి అడుగున వేరే రకం బట్ట వేస్తారు. గాలి వెళ్తుంది, నీళ్లు రావు. నాకు అలాంటిదే కావాలనుకున్నాను.

మా స్లీపింగ్ బ్యాగులు రెండూ చంకన పెట్టుకుని సియాటిల్‌లోని ఆర్‌ఈఐ అనే క్యాంపింగ్ సామాన్ల పెద్ద షాపుకి వెళ్లాం. ఈ షాపు గురించి చెప్పకుండా ఉండలేను. ఇది ఒక సహకార సంఘం అండి! మనకి పాలకీ, ఎరువులకీ ఉన్నట్టే ఇక్కడ కొండలెక్కేవాళ్లు 1938లో పెట్టుకున్నారు. ఆస్ట్రియా నుంచి మంచు గొడ్డలి తెప్పించుకోవడంతో మొదలైందట. 30 డాలర్లు, మన లెక్కలో రెండున్నర వేల పైచిలుకు, ఒక్కసారి కడితే జీవితాంతం సభ్యులం. లోపల 65 అడుగుల రాతికొండ లాంటి గోడ ఉంది, ఎక్కడానికి. మా బాబు దాన్ని చూశాక ఇంక కదల్లేదు. వాడు ఒకరి తర్వాత ఒకరు ఎక్కేవాళ్లని చూస్తూ నిలబడితే మాకు అక్కడే గంట పైన పట్టింది. ఇంటికొచ్చేసరికి వంటకి టైం లేక చారు, అప్పడాలతో సరిపెట్టాం.

నాకు బాగా నచ్చిందేంటంటే, అక్కడ పనిచేసే అమ్మాయి మూడు సైజులు తెచ్చి నేల మీద పెట్టి, "మీ బ్యాగ్ మీరే కూరి చూడండి" అంది. కొనకముందే! పది లీటర్లదాంట్లో మోకాలు పెట్టి నొక్కినా నాది పట్టలేదు. ఇంకా లాగితే కుట్లు తెగేలా ఉన్నాయి. పద్నాలుగు లీటర్లదాంట్లో చక్కగా సరిపోయింది. మా ఆయనది సింథటిక్ దూది, అది ఎంత నొక్కినా అంతగా అణగదు, దానికి ఇరవై లీటర్లది పట్టింది. సంచి మీద రాసే లీటర్లు మామూలుగా నొక్కకముందు కొలత, అది చూసుకోండి. చిన్నది కొంటే గొప్ప అనుకోవద్దు. మరీ బిగిస్తే రాయిలా గట్టి ఉండ అవుతుంది, బ్యాక్‌ప్యాక్‌లో దాని చుట్టూ అన్నీ ఖాళీలే మిగులుతాయి.

నాది నలభై డాలర్లు. మూడున్నర వేలు! సంచికి మూడున్నర వేలా అని నాకూ గుండె ఝల్లుమంది. కానీ లోపల పెట్టే స్లీపింగ్ బ్యాగ్ పదమూడు వేలది. అడవిలో రాత్రి అది తడిస్తే ఆ చలికి డబ్బు లెక్క ఉండదు.

ఇంటికొచ్చాక నాన్నకి వీడియో కాల్ చేశాను. ఇక్కడ రాత్రి తొమ్మిది, ఇంకా వెలుతురుంది. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర, నాన్న అప్పుడే పొలం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను స్లీపింగ్ బ్యాగ్‌ని నీటుగా మడత పెడుతుంటే చూసి, "మడత ఎందుకమ్మా, మిర్చి టిక్కీ తొక్కినట్టు తొక్కు. ముందు మూలలు నింపు, తర్వాత మధ్యలో" అన్నారు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయలు కుక్కే బస్తా. అచ్చం అదే పద్ధతండి! షాపులో అమ్మాయి చెప్పిందీ అదే. కాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి గుప్పెడు గుప్పెడు అడుగు మూలల్లోకి తోయాలి. ప్రతిసారీ ఒకే మడత మీద పెడితే అక్కడే బట్ట, నూగు పాడవుతాయి. తర్వాత ఎదురెదురు పట్టీలు కొంచెం కొంచెంగా లాగాలి. ఒకవైపే లాగితే మూత పక్కకి ఒరుగుతుంది. నాన్న కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశారు. ఏ బడిలోనూ నేర్పని పని ఆయన చేతుల్లో ఉంది, సియాటిల్‌లో నాకు పనికొచ్చింది. కళ్లాల రోజుల్లో ఒక్కసారన్నా ఇంటికి వెళ్లాలని ఉంది, సెలవులు ఎప్పుడూ కుదరవు.

ఇంకో ముఖ్యమైన మాట. ట్రిప్ నుంచి రాగానే బయటికి తీసి ఆరబెట్టి, వదులుగా పెద్ద సంచిలో పెట్టండి, లేదా అల్మారాలో వేలాడదీయండి. నెలల తరబడి నొక్కి ఉంచితే ఆ నూగు మళ్లీ ముందులా పొంగదు. మనల్ని వెచ్చగా ఉంచేది దాని మధ్య ఉండే గాలే.

పిన్నీ, ఇప్పుడు తమ్ముడి సంగతి. ఈ సంచి చోటు తగ్గిస్తుంది కానీ బరువు తగ్గించదు. ఎయిర్‌పోర్టులో తూకం వేసేది కిలోలే. పెట్టెకి 23 కిలోలు అంటే, చోటు మిగిలింది కదా అని నువ్వు ఇంకో రెండు పచ్చడి సీసాలు సర్దావంటే కౌంటర్ దగ్గర తమ్ముడు పెట్టె విప్పి కూర్చోవాలి. రగ్గులు ఇక్కడే కొందాం. లావు జాకెట్ మాత్రం పెట్టెలో పెట్టొద్దు, ఒంటి మీద వేసుకునే విమానం ఎక్కమను. ఆవకాయకి ఆ బరువు మిగులుతుంది.