పూడిన కుంటలో మళ్లీ చేపలు

[దృశ్యం: తూటికాడ, గుర్రపుడెక్క కమ్ముకున్న కుంట. కట్ట మీద సర్కారు తుమ్మ.]

నమస్కారం. తెలంగాణలో ఇలాంటి కుంట కనిపించని ఊరు అరుదు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టుగా కట్టుకుంటూ వచ్చిన ఈ చెరువుల్లో, పై చెరువు మత్తడి దుంకితే, అంటే నిండి అలుగు పారితే, ఆ నీరు కింది చెరువుకు చేరేది. బోరుబావులు పెరిగిన కొద్దీ ఊరికి చెరువుతో పని తగ్గింది. కాలువలు పూడాయి, శిఖం భూమి, అంటే చెరువు నీరు నిలిచే నేల, కబ్జాల పాలైంది. నీరు నిలవని చోట చేప నిలవదు కాబట్టి, వల మీద బతికిన ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల్లో చాలామంది కూలి వెతుక్కుంటూ ఊరు విడిచారు.

2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ, దశలవారీగా 46 వేలకు పైగా చెరువులను, కుంటలను బాగుచేయాలని సంకల్పించింది. 2016-17 నుంచి ప్రభుత్వం నూరు శాతం సబ్సిడీ మీద చేపపిల్లలను కూడా వదలసాగింది. రెండూ అవసరమైన పనులే. అయితే పూడిక తీసి పిల్లలను వదిలినంత మాత్రాన పేద ఇంటికి ఆదాయం రాదు. చెరువు ఎవరి చేతిలో ఉంది, పట్టిన చేపను ఎవరు అమ్ముతున్నారు అన్నవే అసలు ప్రశ్నలని నేను నమ్ముతున్నాను.

[దృశ్యం: నీటి పొరలను చూపే బొమ్మ.]

ముందు నీటి సంగతి చూద్దాం. బొచ్చె పైపొరలో, రవ్వ నడిమి పొరలో, మృగాల, బంగారుతీగ అడుగున మేత వెతుక్కుంటాయి కాబట్టి, వీటిని కలిపి పెంచితే ఒకదాని మేతకు మరొకటి పెద్దగా పోటీ రాదు. పశువుల పేడ వేస్తే నీటిలో ప్లవకాలు, అంటే తేలియాడే సూక్ష్మజీవులు, పెరుగుతాయి, అవే చేపకు మేత. అందుకే కొద్దిపాటి ఖర్చుతోనూ పేదలు ఈ సాగు చేయగలరు. పేడ మితిమీరితే మాత్రం తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి, చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి.

బొచ్చె, రవ్వ, మృగాల నిలువ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వరద పారే నది కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి సారాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించింది. ఆ రోజును నేటికీ జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఈ చేపలు నిలువ నీటిలో గుడ్లు పెట్టవు కాబట్టే, ఊరి కుంటకు ఏటా హేచరీ నుంచి, అంటే గుడ్లు పొదిగించే కేంద్రం నుంచి, పిల్లలను తెచ్చుకోవలసి వస్తోంది.

[దృశ్యం: ప్లాస్టిక్ సంచిలో చేపపిల్లలు, దగ్గరి నుంచి.]

ఈ సంచిని జాగ్రత్తగా చూడండి. ఆక్సిజన్ నింపి తెచ్చిన దీన్ని వెంటనే విప్పకూడదు. పావుగంట సేపు కుంట నీటిలో తేలనిచ్చి, లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి వచ్చాక మూతి విప్పితే, పిల్లలు తమంతట తామే ఈదుకుంటూ బయటికి పోతాయి. ఏడాది పొడవునా నీరుండే చెరువులో 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలనే వదలాలి. అంతకన్నా చిన్నవి వదిలితే అక్కడి కొర్రమీనులకు, వాలుగలకు మేతను కొనిపెట్టినట్టే. పిల్లలు దిగే రోజున ఊరి మత్స్యకారుల సంఘం సభ్యులు కట్ట మీదే ఉండి సైజు కొలవాలి, సంఖ్య లెక్కపెట్టాలి. ఈ ఒక్క పూట అలసత్వం చూపితే ఏడాది రాబడి పోతుంది.

యాసంగి వరికి తూము తెరిచినప్పుడు రైతుకు, చేపల సంఘానికి మధ్య తగవు రావడం సహజం. తూము మట్టం కన్నా దిగువన చెరువు నడుమ లోతైన గుంట ఉంచితే, తడి పారాక కూడా చేపకు నీరు మిగులుతుంది. పూడిక తీసేటప్పుడే ఇది ఆలోచించాలి.

[దృశ్యం: తెల్లవారుజామున వల లాగుతున్న మనుషులు, కట్ట మీద కాంటా.]

వల కొనడానికి అప్పు ఇచ్చిన దళారి, ఆ అప్పు పేరుతోనే చేపకు తన ధర కడతాడు. సంఘానికి సొంత వలలు, కాంటా, ఐసు పెట్టెలు ఉండి, సభ్యుల ఇళ్లలోని మహిళలు పక్క ఊళ్ల అంగళ్లలో నేరుగా అమ్మగలిగితే ఆ పట్టు సడలుతుంది. చేపలు పట్టిన రోజునే లెక్క అందరి ముందూ చదివి, వాటాలు పంచకముందే వచ్చే ఏటి పిల్లలకు, వలల మరమ్మతుకు కావలసిన సొమ్ము సంఘం ఖాతాలో వేయాలి. మిగిలినదే వాటాలకు.