శ్వాస పెంచే మందు: ఎలుక చెప్పలేని సంగతి

“ఊపిరి మందగించిన ఎలుకలకు కొత్త మందు ఇస్తే శ్వాస మళ్లీ పుంజుకుంది.” ఇలాంటి వార్త రాగానే అందరూ అడిగేది, అది మనుషులకు ఎప్పుడొస్తుందని. నేను మాత్రం ముందు అడిగేది ఇది: ఆ ఎలుకకు నొప్పి తెలుస్తోందో లేదో చూశారా?

ఎందుకో చెప్తాను. మార్ఫిన్, ఫెంటానిల్ లాంటివి నొప్పిని తగ్గిస్తాయి. దాంతోపాటే, మెదడు కాండంలో శ్వాసకు లయనిచ్చే ప్రీబోట్జింగర్ కాంప్లెక్స్ అనే కణాల గుంపునూ నెమ్మదింపజేస్తాయి. డోసు మించితే ఊపిరే ఆగిపోవచ్చు. దీనికి నలోక్సోన్ అనే విరుగుడు ఉంది. అమెరికాలో 1971లోనే అనుమతి పొందింది, ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ అది నొప్పి ఉపశమనాన్ని కూడా పోగొడుతుంది. అప్పుడే పెద్ద ఆపరేషన్ అయినవాళ్ల పరిస్థితి ఊహించండి! పైగా ప్రొపోఫాల్ లాంటి మత్తుమందు వల్ల శ్వాస తగ్గితే నలోక్సోన్ పనిచేయదు.

అందుకే శ్వాసను మాత్రమే లేపే మందు కోసం ఇంత వెతుకులాట. సీఎక్స్717 అనే యాంపకైన్ (మెదడు కణాల మధ్య ఉత్తేజపరిచే సంకేతాలను బలపరిచే మందుల రకం) ఎలుకల్లో ఆ పని చేసింది. ఫెంటానిల్ తగ్గించిన శ్వాస పెరిగింది, నొప్పి ఉపశమనం పోలేదు.

ఇది విడి కణాల్లో తేలే విషయం కాదు. మెదడు, మెడ ధమని దగ్గర ఆక్సిజన్‌ను పసిగట్టే కెరోటిడ్ బాడీ, ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం, అన్నీ కలిస్తేనే శ్వాస. అందుకే ఈ పరీక్షలకు జంతువులు కావాల్సివస్తున్నాయి. ఆ మాట చెప్పడం నాకు సులువుగా లేదు.

ఇక అసలు చిక్కు. ఎలుకను మూసిన పెట్టెలో ఉంచి, లోపలి గాలి ఒత్తిడిలో తేడాలను బట్టి శ్వాస కొలుస్తారు. మరి భయపడిన ఎలుక కూడా వేగంగానే ఊపిరి తీస్తుంది కదా! అందుకే ముందు దాన్ని ఆ పెట్టెకు అలవాటు చేస్తారు. అయినా మందే భయం పుట్టిస్తే? దశాబ్దాలుగా ఉన్న డాక్సాప్రామ్ శ్వాసను పెంచుతుంది, కానీ మనుషుల్లో బీపీ పెరగడం, విపరీతమైన టెన్షన్ కూడా కనిపించాయి. బీపీని ఎలుకలోనూ కొలవొచ్చు. లోపలి భయాన్ని దాని ప్రవర్తన చూసి అంచనా వేయాల్సిందే.

సీఎక్స్717ను ఆ తర్వాత ఆరోగ్యవంతులైన వాలంటీర్లలో, ఫెంటానిల్ కోవకే చెందిన ఆల్ఫెంటానిల్ ఇచ్చి పరీక్షించారు. 2010లో ఫలితాలు వచ్చాయి: శ్వాస మెరుగైంది, నొప్పి ఉపశమనం నిలిచింది. కొత్త మందు ఏదొచ్చినా నేను ఎదురుచూసేది ఈ దశ కోసమే. ఎలా ఉందని అడిగితే జవాబు చెప్పగలిగేది అక్కడే.