లిస్బన్ గోడల్లో మొహాలు: విల్స్ బొమ్మల వెంట ఒక శనివారం

హాయ్ అండి, అందరికీ నమస్కారం. లిస్బన్ అనగానే మనవాళ్లు అడిగేవి రెండే: పసుపు ట్రామ్, పాస్తెల్ ద నాత అనే గుడ్డు క్రీము టార్ట్. అవి ఈ ఛానెల్లో చాలాసార్లు చూశారు. ఇవాళ ఆఫీసు లేదు, పిల్లాడికి బడి లేదు కాబట్టి మీకు గోడలు చూపిస్తాను. అన్నీ ఒకే మనిషి చేయి పడ్డ గోడలు. ఆయన పోర్చుగల్ వీధి ఆర్టిస్ట్, పేరు అలెషాంద్రె ఫార్తు. అందరికీ తెలిసిన పేరు విల్స్.

28వ నంబరు ట్రామ్ ఎక్కి పోర్తాస్ దు సోల్ దగ్గర దిగాం. ఇక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే రువా ద సాన్ తొమే వీధి. ముందు కింద చూడండి. లిస్బన్‌లో ఫుట్‌పాత్‌లన్నీ ఇలా చిన్న చిన్న రాళ్లు పరిచి చేసినవే. తెల్ల సున్నపురాయి, మధ్యలో నల్లరాయి. ఇప్పుడు కెమెరా మెల్లగా పైకి తిప్పుతున్నాను. నేల మీది రాళ్లు అలలా లేచి గోడెక్కి ఒక ఆడమనిషి మొహమైపోయాయి చూశారా? ఆవిడ అమాలియా రొద్రిగ్స్. ఫాదు అనే ఇక్కడి పాటకి ఆవిడని మించిన గొంతు లేదంటారు. 1920లో పుట్టారు, 1999లో పోయారు. నడిచి వెళ్లేంత దూరంలో, దేశంలోని గొప్పవాళ్ల సమాధులుండే నేషనల్ పాంథియన్‌లో ఆవిడ సమాధి ఉంది.

విల్స్ ఈ బొమ్మ 2015లో చేశారు. బొమ్మ ఆయనదే కానీ రాళ్లు పరిచింది నగరపాలక సంస్థలో పనిచేసే కల్సెతెయిరులు, అంటే ఫుట్‌పాత్ రాళ్లు పరిచే పనివాళ్లు. రాయిని అరచేతిలో పెట్టుకుని, చిన్న సుత్తితో టకటకా కొట్టి, పక్క రాయికి అతికేలా అంచు తీస్తారు. మామూలుగా రోజంతా నేల మీద వంగి చేసే పని అది. ఇక్కడ అదే పనిని గోడ మీద, ఒక మనిషి మొహానికి సరిపోయేలా చేశారు. కనురెప్పల దగ్గర నల్లరాయి, బుగ్గల దగ్గర తెల్లరాయి. దూరం నుంచి చూస్తే చూపు ఉంది, దగ్గరికొస్తే రాళ్లే. వాన పడితే నీళ్లు ఆ కళ్ల మీదుగా జారి అమాలియా ఏడుస్తున్నట్టు కనపడాలన్నది విల్స్ ఆలోచన. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. అందరూ తొక్కుకుంటూ పోయే రాయికీ, దాన్ని పరిచే మనిషికీ ఇంత మర్యాద దొరకడం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఇక ఆయన కథ. 1987లో పుట్టారు. పెరిగింది టేగస్ నదికి అవతలి ఒడ్డున, సెయ్షాల్‌లో. ఆయన కంటే ముందే, 1980ల చివరి నుంచే, లిస్బన్ పక్కనున్న కార్కవేలుష్ వైపు నోమెన్ లాంటి ఆర్టిస్టులు స్ప్రే క్యాన్ పట్టుకున్నారు. పోర్చుగల్ గ్రాఫిటీకి మొదటి తరం వాళ్లది. విల్స్ 2000 ప్రాంతంలో, ఇంకా బడికి వెళ్లే వయసులోనే, రైలు పెట్టెల మీద, గోడల మీద పేరు రాయడం మొదలుపెట్టారు.

అయితే ఆయన కంటికి ఆనింది రంగు కాదు, గోడే. 1974 ఏప్రిల్ 25న ఇక్కడ నియంతృత్వం కూలిపోయింది. సైనికుల తుపాకీ గొట్టాల్లో జనం కార్నేషన్ పువ్వులు పెట్టిన రోజది. ఆ తర్వాత ఊరి గోడలన్నీ విప్లవం బొమ్మలతో నిండిపోయాయి. విల్స్‌కి ఊహ తెలిసేసరికి ఆ బొమ్మలు వెలిసిపోతున్నాయి, వాటి మీద కంపెనీల ప్రకటనలు అంటిస్తున్నారు. ప్రకటన మీద ప్రకటన. విజయవాడలో మా వీధి చివర ప్రహరీ గోడ కూడా అంతే. సినిమా పోస్టర్ మూల పట్టుకుని లాగితే అట్టలా ఊడొచ్చేది, దాని వెనక నాలుగైదు పాత సినిమాలు. విల్స్ ఆ అట్టల్నే తీసుకుని, పైన తెల్లరంగు పూసి, కత్తితో పొరలు కోసి మొహాలు తీశారు. తర్వాత అదే పని గోడకి చేశారు.

నడుచుకుంటూ గ్రాసా వైపు వచ్చాం. రువా సెన్యోరా ద గ్లోరియాలో ఈ గోడ 2017లోది. ఒబామా పోస్టర్ వేసిన అమెరికన్ షెపర్డ్ ఫెయిరీ, విల్స్ కలిసి చేశారు. ఒకే అమ్మాయి మొహం, సగం రంగు, సగం చెక్కుడు. ఇక్కడే మా చిన్నోడు అడిగాడు, "అమ్మా, గోడ పాడుచేస్తే పోలీసులు పట్టుకోరా?" అని. పట్టుకుంటారు నాన్నా, రైళ్ల మీద వేస్తే ఇప్పటికీ నేరమే. కానీ 2008లో లిస్బన్ నగరపాలక సంస్థే అర్బన్ ఆర్ట్ కోసం ఒక విభాగం పెట్టి, అనుమతితో గోడలు ఇవ్వడం మొదలుపెట్టింది. అందుకే ఈ ఊరికి ఇన్ని బొమ్మలు.

ఇప్పుడు కిందకి దిగి రువా దు జార్దిన్ దు తబాకుకి వచ్చాం. ఇది 2013లో ఇటలీ ఆర్టిస్ట్ పిక్సెల్ పాంచోతో కలిసి చేసిన గోడ. రంగుల బొమ్మలు పాంచోవి, గోడలోంచే పుట్టినట్టున్నది విల్స్‌ది. జూమ్ చేస్తున్నాను, జాగ్రత్తగా చూడండి. పైన పూత, దాని కింద డ్రిల్లు దిగి గరుకుగా లేచిన సిమెంటు, ఇంకా లోపల ఇటుక. ముందు ఫోటోని కంప్యూటర్లో రెండు మూడు ఛాయలకి కుదించి గోడ మీద గీసుకుంటారు. వెలుగు కావాల్సిన చోట పూత అలాగే ఉంచుతారు, నీడ కావాల్సిన చోట సుత్తి, ఉలి, డ్రిల్లుతో కొట్టేస్తారు. లోతును బట్టి నీడ. 2011లో ఒరేల్యా నెగ్రా అనే బ్యాండ్ వీడియో కోసం గోడలో చిన్న చిన్న పేలుడు పదార్థాలు పెట్టి, అవి పేలి పూత రాలిపోగానే మొహం బయటపడేలా కూడా చేశారు.

బయటి ప్రపంచానికి తెలిసింది లండన్‌లో. అక్కడ చదువుకుంటూ ఉండగా 2008లో బ్యాంక్సీ అనే బ్రిటిష్ వీధి ఆర్టిస్ట్ పెట్టిన క్యాన్స్ ఫెస్టివల్లో ఒక మొహం చెక్కారు. ఆ ఫోటో టైమ్స్ పత్రిక మొదటి పేజీలో వచ్చింది. అయినా పేరున్నవాళ్ల బొమ్మలతో ఆయన పేరు నిలబడలేదు. అమాలియా లాంటివి తక్కువ, ఎక్కువ భాగం పేరు తెలియని మామూలు మనుషులే. 2012లో బ్రెజిల్‌లో రియో నగరంలోని మోరు ద ప్రొవిదెన్సియా అనే కొండమీది పేదల బస్తీకి వెళ్లారు. అప్పట్లో అక్కడ ఇళ్లు ఖాళీ చేయించి కూల్చేస్తున్నారు. సగం కూల్చిన ఆ ఇళ్ల గోడల మీదే, వాటిలో ఉన్నవాళ్ల మొహాలు చెక్కారు. కూల్చేవాళ్లు ఇంటి నంబరే చూస్తారు కదా. అక్కడ ఆ ఇంటి మనిషి మొహం చూడకుండా ఎవరూ దాటలేరు. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదేనండి.

చివరిగా 728 బస్సెక్కి మార్విలా వచ్చాం. పాత గిడ్డంగుల పేట. పోలీన్ ఫోసెల్‌తో కలిసి విల్స్ మొదలుపెట్టిన అండర్‌డాగ్స్ గ్యాలరీ ఇక్కడే ఉంది. ఇతర వీధి ఆర్టిస్టుల పనులు కూడా ఇక్కడ చూడొచ్చు.

ఒక్క మాట. ఈ గోడలు మ్యూజియం వస్తువులు కావు. బిల్డింగ్ అమ్ముడుపోతే, రిపేరుకొస్తే బొమ్మ పోతుంది. కాబట్టి మీరు లిస్బన్ వస్తే, బయల్దేరే ముందు ఆ గోడ ఇంకా ఉందో లేదో ఒకసారి చూసుకోండి. సెయ్షాల్‌కి కైస్ దు సోద్రే నుంచి ఫెర్రీ ఉంది, వచ్చే శనివారం అటు వెళ్తున్నాం.