పెర్ల్ పెయింట్‌ని ఎవ్వరూ పాలిష్ చేయలేరు! మీ చేయి చేసే పని వేరే

నమస్కారం అండీ. నేరుగా విషయానికి వచ్చేస్తాను. మీ కారు మీదున్న పెర్ల్ పెయింట్‌ని, అదే ముత్యంలా మెరిసే రంగుని, ఇంతవరకూ ఎవ్వరూ పాలిష్ చేయలేదు. మెషిన్ పెట్టినవాళ్ళు చేయలేదు, చేత్తో రుద్దినవాళ్ళు చేయలేదు, పెర్ల్ బయటికి తీస్తామని డబ్బు తీసుకున్నవాళ్ళూ చేయలేదు. పాలిష్ అసలు పెర్ల్ దాకా వెళ్ళదు. వెళ్ళిందంటే ఆ ప్యానెల్‌కి మళ్ళీ పెయింట్ వేయించుకోవాల్సిందే.

ఈ ఒక్క మాట అర్థమైతే కొన్నాళ్ళుగా నడుస్తున్న గొడవ సగం తేలిపోతుంది. చేత్తో ఎంత రుద్దినా పెర్ల్ బయటికి రాదు, మెషిన్ లేకపోతే ఆ పని మొదలుపెట్టనే వద్దు అని ఒక వర్గం భీష్మించుకుని కూర్చుంది కదా. నేను సరిగ్గా ఎదురు మాట చెప్తున్నాను. చేతి పాలిష్‌తో అన్నిటికంటే ఎక్కువ బాగుపడేది పెర్ల్ పెయింటే. మెరుపు రేకులు లేని సాలిడ్ కలర్ కంటే, మెటాలిక్ కంటే పెర్ల్‌కే ఎక్కువ. పూర్తిగా వినండి, అప్పటికీ ఒప్పుకోకపోతే వాదించుకుందాం.

బానెట్ మీద పొరలు ఎలా ఉంటాయి? అడుగున ప్రైమర్. దాని మీద బేస్ కోట్, అంటే రంగు. మూడు పొరల పెర్ల్ అయితే ఆ రంగు మీద పెర్ల్ విడిగా ఇంకో పొర. కొన్ని కార్లకి బేస్ కోట్‌లోనే కలిపేస్తారు. అన్నిటికీ పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పొర. ఫ్యాక్టరీలో వేసిన క్లియర్ కోట్ మామూలుగా ఓ 40, 50 మైక్రాన్లు ఉంటుంది. తల వెంట్రుక కంటే పలచన! మీ పాలిష్ ఎంత గొప్పదైనా పనంతా ఆ రంగులేని పొరలోనే.

నమ్మకం కలగకపోతే గుడ్డ చూడండి. ఎర్ర పెర్ల్ కారు డోర్ మీద పాలిష్ రుద్ది తుడవండి. గుడ్డకి అంటేది తెల్లటి పాలిష్, కాస్త బూడిదరంగు మురికి. ఎరుపు అన్నది చుక్క కూడా అంటదు. అంటిందా, అక్కడితో ఆపేయండి. అది క్లియర్ కోట్ లేని పాతకాలం పెయింటైనా అయ్యుండాలి, మీరు క్లియర్ కోట్ దాటి లోపలికైనా పోయుండాలి.

సరే, మరి ఆ పెర్ల్ పొరలో ఏముంది? అభ్రకం. కాకిబంగారం అంటారే, అదే. దాన్ని కంటికి ఆనని సన్నటి రేకులుగా చేసి, ఒక్కో రేకు మీద టైటానియం డయాక్సైడ్ పూత వేస్తారు. గోడల పెయింట్‌కి తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడే ఇది. ఆ పూత మందం ఎంతో తెలుసా? నానోమీటర్లలో లెక్క. పలచగా ఉంటే వెండి తెలుపు మెరుపు. మందం పెరిగేకొద్దీ బంగారు ఛాయ, తర్వాత ఎరుపు, నీలం, ఆకుపచ్చ. ఆ రేకులో రంగు మందు ఏమీ లేదండీ! పూత పైభాగం నుంచి తిరిగొచ్చిన వెలుగు, అడుగు నుంచి తిరిగొచ్చిన వెలుగు కలిసి ఆ రంగు పుట్టిస్తున్నాయి. అందుకే మీరు కారు చుట్టూ నడుస్తుంటే రంగు మారిపోతూ ఉంటుంది.

ఇది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఈ అభ్రకం రేకులు రాకముందు ముత్యం మెరుపు కావాలంటే చాలాకాలం చేప పొలుసులే దిక్కు. 17వ శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో చేప పొలుసుల నుంచి గ్వానిన్ అనే పదార్థం తీసి, దాంతో కృత్రిమ ముత్యాలు చేసేవారు. వేలకొద్దీ చేపల పొలుసులు గీకితే చిటికెడు మెరుపు వచ్చేది! అభ్రకం మీద టైటానియం డయాక్సైడ్ పూతకి డ్యూపాంట్ కంపెనీకి పేటెంట్ వచ్చింది 1963లో. ఆ పూత వల్లే ఈరోజు మామూలు కారు మీద కూడా ఈ మెరుపు చూస్తున్నాం.

ఇప్పుడు నా అసలు వాదన. మెటాలిక్ పెయింట్‌లో ఉండేది అల్యూమినియం రేకు. వెలుగు తగలగానే దాదాపు మొత్తం తిప్పికొడుతుంది. మొరటు మెరుపు. పైన క్లియర్ కోట్ కాస్త మసకబారినా అది తట్టుకుని కనిపిస్తుంది. పెర్ల్ రేకు అలా కాదు. సగం పారదర్శకం. వచ్చిన వెలుగులో కొంత తిప్పి పంపుతుంది, మిగతాది లోపలికి వదిలేస్తుంది. అంటే బయటికి వచ్చే మెరుపే సున్నితం. పైగా ఆ వెలుగు క్లియర్ కోట్‌ని రెండుసార్లు దాటాలి, లోపలికి పోయేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి. పైన సన్న గీతలుంటే రెండుసార్లూ చెదిరిపోతుంది. గీతలు పడ్డ కళ్ళజోడు పెట్టుకుని ముత్యాల దండ చూస్తే ఎలా ఉంటుందో, మీ కారు మీరు రోజూ అలాగే చూస్తున్నారు. దండకి ఏమీ కాలేదు!

కాబట్టి పెర్ల్‌ని చంపేది లోతైన గీత కాదు. లోతైన గీత ఒక చోట ఉంటుంది, దాని చుట్టూ పెర్ల్ బాగానే మెరుస్తుంది. బానెట్ అంతా పరుచుకున్న సన్నటి మసక, అదీ శత్రువు. దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి తుడిచిన ప్రతిసారీ పడే గీతలు అవి. అంత పైపైన ఉన్న మసకని తీయడానికి చేయి చాలు. మళ్ళీ చెప్తున్నాను, చేయి చాలు!

తెల్ల పెర్ల్ కార్ల వాళ్ళు మరీ జాగ్రత్తగా వినండి. తెలుపు మీద గీతలు కనపడవు కాబట్టి లేవనుకుంటారు. ఉన్నాయి. నల్ల కారు మీద ఉన్నన్నీ ఉన్నాయి. మీకు గీత కనపడదు, మెరుపు పోయిందని మాత్రం తెలుస్తుంది. పెయింట్ పాతబడిపోయిందిలే అనుకుని వదిలేస్తారు. నాకు కడుపు రగిలేది ఇక్కడే.

ఇంకా రగిలేది ఏంటంటే, సీసా మీద 'పెర్ల్ స్పెషల్' అని రాసి అమ్మడం. క్లియర్ కోట్ కింద ఏ రంగుందో పాలిష్‌కి ఎలా తెలుస్తుంది? అది ముట్టుకునేది రంగులేని పొరని! వాటిలో కొన్నిటి సంగతి ఇంకా ఘోరం. గీతని తీయవు, నూనెలతో పూడుస్తాయి. పెట్టిన రోజు ధగధగ, కొన్ని వాష్‌లయ్యాక మళ్ళీ మొదటికి. దొంగని పట్టుకునే మార్గం సులువు. నూనెని కడిగేసే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి, పాలిష్ చేసిన చోట మెత్తగా తుడవండి. మెరుపు నిలిచిందా, గీత నిజంగా పోయినట్టు. మసక తిరిగొచ్చిందా, మీకు నూనె అమ్మారు.

చేత్తో చేయడం అంటే పాత బనియన్ గుడ్డ మడిచి వేళ్ళతో అదమడం కాదు. అలా చేస్తే బరువంతా నాలుగు వేళ్ళ కొసల మీదే పడుతుంది. వేళ్ళున్న చోట ఎక్కువ అరుగుతుంది, వేళ్ళ మధ్య పాలిష్ పైనే జారిపోతుంది. అరచేతిలో పట్టే ఫోమ్ ప్యాడ్ తీసుకోండి, బరువు సమానంగా పడుతుంది. ముందు కారు బాగా కడగాలి. ఆరాక చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి బానెట్ మీద మెల్లగా తడమండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కవర్‌లోంచి గరగరా తగులుతుంది. ఆ గరగర పోయేదాకా నీళ్ళు చల్లుకుంటూ క్లే బార్, అంటే నలకల్ని అంటించుకుని లాగేసే మెత్తటి ముద్ద, నడపాలి. దాన్ని వదిలేసి పాలిష్ మొదలుపెడితే ఆ నలకలే కొత్త గీతలు గీస్తాయి.

తర్వాత నీడలో, బానెట్ చల్లబడ్డాక, అడుగున్నర పొడుగు, అడుగున్నర వెడల్పు చోటు మాత్రమే తీసుకోండి. సన్నరకం పాలిష్, మూడు నాలుగు చుక్కలు చాలు. నిలువుగా ఒక దఫా, అడ్డంగా ఒక దఫా, ఒక వరస మీద ఇంకో వరస సగం ఎక్కేలా. మొదట్లో పాలిష్ తెల్లగా ఉంటుంది. ఒత్తిడి మధ్యస్థంగా ఉంచి రుద్దుతూ ఉంటే కాసేపటికి పలచనై అద్దంలోంచి చూసినట్టు కింద రంగు తేలుతుంది. అప్పుడు చేయి తేలిక చేసి ఇంకో రెండు దఫాలు, ఆపై శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవడం. ఎండిపోయేదాకా రుద్దకండి.

గుండ్రంగా రుద్దితే గుండ్రటి గీతలు పడతాయి కదా అని అడిగేవాళ్ళు ఉంటారు. మీరు చూసే ఆ గుండ్రటి గీతల్లో చాలావరకు గుండ్రంగా లేవు! అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో వెలుగుకి అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి కాబట్టి బల్బు చుట్టూ చక్రంలా కనపడతాయి. టార్చి పక్కకి జరపండి, ఆ చక్రం కూడా టార్చితో పాటు జరుగుతుంది. చేయి ఏ దిక్కున తిప్పారన్నది కాదు, ప్యాడ్ శుభ్రంగా ఉందా లేదా అన్నదే లెక్క.

మెషిన్ వద్దా అంటే, గోరుతో గీస్తే తగలనంత తేలికైనా చేతికి లొంగని గీతలున్నాయి, వాటికి డ్యూయల్ యాక్షన్ మెషిన్, అంటే ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగేది, మంచిదే. గోరుకి తగిలే గీత జోలికి మాత్రం చేత్తోనూ పోవద్దు, మెషిన్‌తోనూ పోవద్దు. కానీ అనుభవం లేని చేతికి, ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మెషిన్ ఇచ్చి పెర్ల్ కారు మీదకి పంపడం, అది నేను ఒప్పుకోను. అంచుల దగ్గర, డోర్ మీద మడత గీతల దగ్గర క్లియర్ కోట్ పలచగా ఉంటుంది. రోటరీ ఒకే చోట వేడి పుట్టిస్తుంది. క్షణాల్లో క్లియర్ కోట్ దాటిపోతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? మూడు పొరల పెర్ల్ మ్యాచ్ చేయడం ఎంత కష్టమో పెయింటర్‌ని అడగండి. పెర్ల్ పొర ఒక కోటు ఎక్కువైతే ఒక ఛాయ, తక్కువైతే ఇంకో ఛాయ. అందుకే నమూనా కార్డుల మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు కోట్లు వేసి, కారు పక్కన పెట్టి చూసుకుంటారు. అప్పటికీ పక్క డోర్ మీదకి కూడా రంగు కలుపుకుంటూ పోవాల్సిందే. ఒక్క అంచు కాలినందుకు ఇంత పని!

ఇక మీ వంతు. బానెట్ మధ్యలో మాస్కింగ్ టేప్ వేయండి. ఒక పక్క చెప్పినట్టు చేత్తో చేయండి, ఆల్కహాల్‌తో తుడవండి, ఇంకో పక్క ముట్టుకోవద్దు. టేప్ తీసి, కారు ఎండలో పెట్టి, ఏటవాలుగా చూడండి, ఫోన్‌తో వీడియో తీయండి. ట్యూబ్‌లైట్ కింద తీసినవి నాకు పంపకండి, వాటిలో పెర్ల్ కనపడదు. రెండు పక్కలూ ఒకేలా ఉంటే ఆ వీడియో పెట్టండి, ఇదే ఛానెల్లో మీ కారు పేరుతో చూపిస్తాను.