జర్మన్ కీబోర్డులో @ గుర్తు ఎందుకు రాలేదంటే

నమస్కారమండీ. లైప్‌జిగ్‌లోని మా ఇంట్లో ఈ ఆదివారం వ్లాగ్‌ను నా రాతబల్ల దగ్గరే మొదలుపెడుతున్నాను. నిన్న రాత్రి పాప బడికి మెయిల్ రాద్దామని కూర్చుంటే, చిరునామాలో పడవలసిన @ గుర్తు ఎన్నిసార్లు నొక్కినా రాలేదు.

ఇక్కడి కీబోర్డు సంగతి ముందు చెప్పాలి. జర్మన్ భాషకు కావలసిన, పైన రెండు చుక్కలుండే మూడు అచ్చులకూ, ఎస్‌సెట్ అనే అక్షరానికీ విడిగా కీలు ఇచ్చారు కాబట్టి కొన్ని గుర్తులకు నేరుగా చోటు మిగలలేదు. కెమెరాను దగ్గరికి తెస్తున్నాను, ఈ క్యూ కీ చూడండి: అక్షరం పెద్దగా, దానికి కింద కుడిమూలన @ చిన్నగా ముద్రించి ఉన్నాయి. స్పేస్‌బార్‌కు కుడిపక్కనున్న ఆల్ట్ జీఆర్‌ను నొక్కి పట్టుకొని క్యూ కొడితేనే ఆ గుర్తు వస్తుంది. 7, 8, 9, 0 అంకెల కీల మీదున్న బ్రాకెట్లకూ ఇదే పద్ధతి. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్ రెండూ కలిపి పట్టుకున్నా ఆల్ట్ జీఆర్ కిందే లెక్క కాబట్టి అదీ ప్రయత్నించాను గానీ, నా డెస్క్‌టాప్‌లో ఉన్నది విండోస్ కాదు, ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ, అందులో ఆ దారి లేదు.

కీ పాడైందేమోనని మొదట అనుమానించాను. అది తేల్చుకోవడానికి ఆదేశాలు టైప్ చేసే టెర్మినల్‌లో, నొక్కిన కీని కంప్యూటర్ ఏమని గుర్తిస్తోందో చూపే ఎక్స్ఈవీ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపి, తెరుచుకున్న తెల్లటి కిటికీలో ఆల్ట్ జీఆర్ నొక్కాను. ఆ కీకి ఉండే సంఖ్య, అంటే కీకోడ్, 108 అని వెంటనే కనిపించింది, అంటే కీ బాగానే ఉంది. అయితే దాని పక్కన "ఐఎస్ఓ లెవెల్ 3 షిఫ్ట్" (అంటే @ లాంటి మూడో స్థాయి గుర్తులను తెచ్చే కీ) అని ఉండవలసిన చోట "మల్టీ కీ" (అంటే కంపోజ్ కీ) అని ఉంది. చిక్కంతా ఆ ఒక్క పేరులోనే ఉంది. మా పై అంతస్తులో ఉండే పోలండ్ ఆవిడ ఇంటిపేరులో అడ్డగీత గల ఎల్ అక్షరం ఉంది. ఆమె పేరును తప్పు లేకుండా రాయాలని కిందటి వారం కంపోజ్ కీని, అంటే దాని తర్వాత నొక్కిన కీలను కలిపి ఒకే అక్షరంగా ఇచ్చే కీని, పెట్టుకున్నాను, దానికి కుడి ఆల్ట్‌నే, అంటే ఈ ఆల్ట్ జీఆర్‌నే, ఎంచుకున్నాను. ఒక కీ ఒకేసారి మూడో స్థాయి గుర్తులనూ ఇచ్చి, కంపోజ్ పనీ చేయలేదు. కొత్తగా అప్పగించిన పని పాతదాన్ని తీసేసింది.

సెట్టింగ్స్‌లో కీబోర్డు విభాగానికి వెళ్లి కంపోజ్ కీని క్యాప్స్ లాక్‌కు మార్చాను. మళ్లీ ఎక్స్ఈవీలో చూస్తే 108 తన అసలు పేరుతో కనిపించింది, @ కూడా పడింది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరికకు మారి, షిఫ్టుతో డీ, ఆ తర్వాత సీ, డీ, సీ నొక్కి "అమ్మ" అని రాసి, అదీ సరిగ్గానే ఉందని చూసుకున్నాను. క్యాప్స్ లాక్, ఏటవాలు గీత, ఎల్ వరుసగా నొక్కితే పై అంతస్తు ఆవిడ పేరూ సరిగ్గా వస్తోంది. బడికి పంపవలసిన మెయిల్ పది గంటలకు వెళ్లింది.